హన్మకొండ ఇంట్లో ల్యాన్ వైరు లాగిన ముచ్చట

మాది హన్మకొండలో జీ ప్లస్ వన్ ఇల్లు. నెట్ కనెక్షన్ కింద హాల్లో ఉంది, నా ఆఫీసు పనంతా పైగదిలో. మధ్యలో స్లాబు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మెట్ల మలుపు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పైకి ఎక్కేది గానీ, చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అందులోనే ఉండటంతో మీటింగ్ మధ్యలో మాట తెగిపోయేది. మేనేజర్ లైన్లో ఉంటే ఒకటే టెన్షన్. ఎక్స్‌టెండర్ పెట్టుకోమని అందరూ చెప్పారు. అందిన సిగ్నల్‌నే మళ్లీ గాల్లోకి వదిలే డబ్బా అది. అందేదే అంతంత మాత్రమైతే అది మాత్రం ఏం చేస్తుంది? కింది రౌటర్ నుంచి పైకి నెట్ మోసే ల్యాన్ వైరే లాగుదామనుకున్నా.

బయటి గోడ మీదుగా లాగితే గంట పని. కానీ మా వీధిలో కోతుల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ పని చేయరు. డిష్ వైరునే పట్టుకుని ఊగుతాయి. ఇల్లు కట్టినప్పుడు కేబుల్ టీవీ కోసం గోడలో వేసిన పైపు ఒకటి కింద హాలు నుంచి పైగదికి ఉంది. అందులో పాత కేబుల్ అలాగే పడి ఉంది. దారి దొరికింది.

వైరు కోసం వరంగల్ చౌరస్తా దగ్గర ఒక షాపుకి వెళ్లాను. 305 మీటర్ల పెట్టె మనకెందుకు, క్యాట్ సిక్స్ (ల్యాన్ వైరులో ఒక రకం) మీటర్ల లెక్కన ఇమ్మన్నా. "అన్నా, గిది గూడ క్యాట్ సిక్సే, ధర సగమే. అందరూ గిదే తీస్కపోతున్నరు" అంటూ ఒక చుట్ట ముందు పెట్టాడు. ఒక పోగు ఒలిచి బ్లేడుతో గీకి చూశా. పైన రాగి రంగు, లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. నాలుగుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది, నిరోధం ఎక్కువ, రేపు అదే వైరు మీద కెమెరాకి కరెంటు పంపితే వేడెక్కుతుంది. గోడలోకి వెళ్లాక మళ్లీ తీసేది కాదు కాబట్టి అసలైన రాగి వైరు ఇచ్చే ఇంకో షాపు వెతుక్కున్నా. ధర దాదాపు రెట్టింపు. రౌటర్ దగ్గర పిసినారితనం చేసినా పర్లేదు గానీ వైరు దగ్గర వద్దని నా అభిప్రాయం.

లాగడానికి మా బామ్మర్ది వచ్చాడు. పాత కేబుల్ కొసకే కొత్త వైరు కట్టి, ముడి లావెక్కకుండా టేపు చుట్టాం. పైనుంచి నేను లాగుతుంటే కింద తను తోస్తున్నాడు. స్లాబు దగ్గర వంపులో ఇరుక్కుంది. "బావా, గుంజకు, ఆగు" అని కేక. ఈ వైరును సుమారు 11 కిలోల బరువుకి మించి లాగకూడదు. లోపల పోగులు రెండేసి మెలేసి జతలుగా ఉంటాయి, ఆ మెలికలు సాగితే స్పీడు పోతుంది. టాల్కమ్ పౌడర్ బాగా పూసి, కొంచెం వెనక్కి తోసి మళ్లీ లాగితే జారింది.

కొసలు బిగించడమే ఓపిక పని. పై తొడుగు తీసి, ఎనిమిది పోగులు విడదీసి, వేళ్ల మధ్య ఇస్త్రీ చేసినట్టు నిటారుగా చేయాలి. వరుస: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. రెండు కొసల్లోనూ ఇదే. మెలిక విప్పేది అరంగుళానికి మించకూడదు. నేను గోడ దగ్గర జాక్‌లు (వైరు గుచ్చే సాకెట్లు) బిగించి, అక్కడి నుంచి రెడీమేడ్ చిన్న వైర్లు వాడాను. రోజూ కదిలేది ఆ చిన్న వైరే, పోయినా మార్చుకోవచ్చు.

వైరు టెస్టర్లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగాయా చూడటం ముఖ్యం. 1, 2, 3, 6 పోగులు బాగుంటే చాలు, నెట్ వచ్చేస్తుంది, కానీ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. నెట్ వస్తోంది కదా అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగు జతలూ కావాలి. ల్యాప్‌టాప్‌లో లింకు స్పీడు 1000 అని కనిపించాకే నేను స్క్రూలు బిగించా.

మిగతాదంతా చకచకా అయిపోయింది. పైన ఒక 5 పోర్టుల గిగాబిట్ స్విచ్ (ఒక వైరు నెట్‌ను పలు పరికరాలకు పంచే డబ్బా), దానికి నా ల్యాప్‌టాప్, టీవీ, పాత రౌటర్. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు నెట్‌వర్క్ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, దాని అడ్రస్ మార్చి, వైరును దాని ల్యాన్ పోర్టుకే పెట్టా. పైన ఫోన్లకు వైఫై అదే ఇస్తోంది.

బామ్మర్ది కాజీపేటలో ఇల్లు కడుతున్నాడు. స్లాబు పోయకముందే ల్యాన్‌కి వేరే పైపు వేయమంటే, కరెంటు పైపులోనే తోసేస్తే అయిపాయె కదా అన్నాడట ఎలక్ట్రీషియన్. 230 వోల్టుల వైర్ల పక్కన ఇది ఒకే పైపులో ఉండకూడదని ఫోన్లో నేనే చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి గదికీ ఇంచు పైపు వేయిస్తున్నాడు.