అటకకి కూడా వాసెన కట్టాలి

మా ఇంట్లో అటక అంటే ఇత్తడి గంగాళాలూ, ఖాళీ జాడీలూ పెట్టే చోటు. గుంటూరులో సివిల్ ఇంజనీరింగ్ చదివి, హెచ్4 డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చి, ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) చేతికొచ్చాక నాకు దొరికిన పని ఇక్కడి అటకల్లోనే. మొదట హ్యూస్టన్‌లో, ఇప్పుడు మినియాపోలిస్‌లో.

హ్యూస్టన్‌లో ఎండాకాలం మధ్యాహ్నం ఆటిక్ (సీలింగుకీ పైకప్పుకీ మధ్య ఉండే ఇక్కడి అటక) లోపల వేడి 130 ఫారెన్‌హీట్ దాటుతుంది, అంటే మన లెక్కలో దాదాపు 55 డిగ్రీలు. అందుకే తెల్లారకముందే ఎక్కి పదింటికల్లా దిగిపోయేవాళ్లం. అక్కడ చాలా ఇళ్లలో ఏసీ డక్టులు (గాలి గొట్టాలు) ఆటిక్‌లోంచే వెళతాయి, వాటి అతుకులు వదులైతే కరెంటు ఖర్చుపెట్టి చల్లబరిచిన గాలి ఆ కొలిమిలోకి పోతుంది, దాని బదులు బయటి ఉక్కగాలి ఏ సందులోంచో ఇంట్లోకి వస్తుంది. అతుకులకి మాస్టిక్ అనే చిక్కటి సీలింగ్ పేస్టు పూయడమే అక్కడ మొదటి పని.

మినియాపోలిస్‌లో అంతా తలకిందులు. చలికాలంలో ఇంట్లోని వెచ్చటి గాలి వైర్లు, పైపులు వెళ్లే కన్నాల్లోంచీ, సీలింగ్ లైట్ల చుట్టూ, ఆటిక్ మూత అంచుల్లోంచీ పైకి పోతుంది. ఐసు నీళ్ల గ్లాసుకి చెమట పట్టినట్టు ఆ గాలిలో తేమంతా రూఫు మేకుల మొనలకి మంచై పేరుకుంటుంది. పైగా ఆ వేడికి కప్పు మీది మంచు కరిగి, చూరు దగ్గరికి జారి మళ్లీ గడ్డకడుతుంది, వెనక నిలిచిన నీళ్లు షింగిల్స్ (కప్పు మీది పలకలు) కిందికి పోతాయి.

పోయిన ఫిబ్రవరిలో ఒక తెలుగు కుటుంబం ఫోన్ చేసింది. "అక్కా, వానే లేదు, సీలింగ్ కారుతోంది, రూఫ్ మొత్తం మార్చాలంటున్నారు" అని ఆ అబ్బాయి టెన్షన్ పడిపోతున్నాడు. ఎక్కి చూస్తే మేకులన్నీ తెల్లగా ఉన్నాయి, బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటికి వెళ్లకుండా ఆటిక్‌లోనే ఆగిపోయింది. కింద రోజూ కుక్కరూ, పసిబిడ్డ గదిలో రాత్రంతా గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయరూ. కాస్త ఎండ కాయగానే ఆ మంచు కరిగి కారింది, అంతే, రూఫ్‌కి ఏమీ కాలేదు. గొట్టాన్ని బయటికి పెట్టించి, కన్నాలన్నీ ఫోమ్‌తో పూడ్చి, చిమ్నీ చుట్టూ మాత్రం రేకూ, మంటకి తట్టుకునే సీలెంటూ వేసి, ఆ తర్వాతే సెల్యులోజ్ (వేడిని ఆపే కాగితపు పీచు ఇన్సులేషన్) పోశాం. చిమ్నీ దగ్గర మామూలు ఫోమ్ వాడకూడదు, నిప్పు ప్రమాదం.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, కన్నాలు మూయకుండానే పైన ఇన్సులేషన్ పోసి డబ్బు తీసుకుని వెళ్లిపోయేవాళ్ల దగ్గర. ఫైబర్‌గ్లాస్ వేడిని ఆపుతుంది గానీ గాలిని ఆపదు. పాత ఫైబర్‌గ్లాస్ ఎత్తి చూడండి, నల్లగా మట్టిపట్టిన చోటల్లా దాని కింద ఒక కన్నం ఉన్నట్టే, ఏళ్ల తరబడి అక్కడ గాలి వడగట్టుకుపోయింది. మా అమ్మ ఆవకాయ జాడీకి మూత పెట్టి ఊరుకునేది కాదు, గుడ్డతో బిగించి వాసెన కట్టేది. ఇదీ అంతే.

ఇన్సులేషన్ ఏమీ లేని ఆటిక్‌కి ఎనర్జీ స్టార్ అనే అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం సూచించే ఆర్-విలువ (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) మినియాపోలిస్‌లో ఆర్-60, హ్యూస్టన్‌లో ఆర్-49. అంకెల్లో తేడా కొంచెమే, తేమ వచ్చే దిక్కులో ఉంది అసలు తేడా. చలి ఊళ్లో సీలింగ్ వైపు వేసే ప్లాస్టిక్ షీటుని హ్యూస్టన్‌లో వేస్తే, బయటి తేమ ఏసీ చల్లదనానికి ఆ షీటు మీదే నీరై నిలుస్తుంది. మిత్రులు ఊరు మారి పాత ఊరి సలహానే పట్టుకుంటున్నారని ఇంత వివరంగా చెబుతున్నాను.

1990కి ముందు కట్టిన ఇల్లు కొంటుంటే ఇంకొకటి. ఆటిక్‌లో గులకరాళ్లలా మెరిసే వర్మిక్యులైట్ అనే పాత ఇన్సులేషన్ కనిపిస్తే చెయ్యి పెట్టకండి. మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చినదైతే అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉంటుంది. పరీక్ష, తొలగింపు లైసెన్సున్నవాళ్లకే వదిలేయండి.

కొటేషన్ ఇచ్చేవాళ్లని బ్లోయర్ డోర్ పరీక్ష (తలుపులో ఫ్యాన్ పెట్టి ఇంట్లో గాలి లీకులు కొలిచేది) పనికి ముందొకసారి, తర్వాతొకసారి చేస్తారా అని అడగండి. 50 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర గాలి లీకు ఎంత తగ్గిందో తెలిసేలా ఆ రెండు అంకెలూ కాగితం మీద తీసుకోండి.