కమోడిటీ ఆప్షన్ల పుస్తకం చేతికొస్తే ముందు ఎక్స్‌పైరీ పేజీ తెరవండి

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా పుస్తకాల అంగడికి పోతే, షేర్ మార్కెట్ అరలో ఇప్పుడు కమోడిటీ ఆప్షన్ల పుస్తకాలు కూడా కనబడుతున్నాయి. అట్ట మీద బంగారు బిస్కెట్లు, ముడిచమురు పీపాలు, పైకెగిసే బాణం గుర్తు. చాలామంది మొదటి అధ్యాయంలో నాలుగు పేజీలు తిరగేసి, భాష తేలిగ్గా ఉందనిపిస్తే కొనేస్తారు. మొదటి అధ్యాయం ఏ పుస్తకంలోనైనా బాగానే ఉంటుంది. కాల్ అంటే కొనే హక్కు, పుట్ అంటే అమ్మే హక్కు అని రాయడంలో ఎవరూ తప్పు చేయరు. రాసినవాడికి ఈ మార్కెట్ తెలుసో లేదో ఎక్స్‌పైరీ (గడువు ముగింపు) దగ్గర బయటపడుతుంది. విషయసూచికలో డివాల్వ్‌మెంట్ (గడువు ముగిశాక ఆప్షన్ ఫ్యూచర్స్ కాంట్రాక్టుగా మారిపోవడం) అనే మాట వెతకండి. అది లేకపోతే పుస్తకం మళ్ళీ అరలో పెట్టేయొచ్చు.

నిఫ్టీ ఆప్షన్ ఎక్స్‌పైరీ నాడు నగదుతో తేలిపోతుంది. ఎంత రావాలో అంత ఖాతాలో పడుతుంది, పొజిషన్ మాయమవుతుంది. మన సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో ముడిచమురు, బంగారం, వెండి, సహజవాయువు ఆప్షన్లు అలా తేలవు. వాటికి ఆధారం ఫ్యూచర్స్ కాంట్రాక్టు, అంటే రాబోయే తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందం. గడువు ముగిసినప్పుడు ఇన్ ద మనీలో (విలువ మిగిలి) ఉన్న కాల్ ఎక్సర్‌సైజ్ అయితే, అంటే హక్కు వాడుకుంటే, కొన్నవాడి ఖాతాలో స్ట్రైక్ ధరకు (ఆప్షన్‌లో ముందే రాసుకున్న ధర) ఫ్యూచర్స్ కొనుగోలుగా మారుతుంది. పుట్ అయితే ఫ్యూచర్స్ అమ్మకంగా మారుతుంది. ఆప్షన్ గడువు ఫ్యూచర్స్ గడువుకంటే కొన్ని రోజుల ముందే ముగుస్తుంది కాబట్టి, ఆ ఫ్యూచర్స్ ఇంకా బతికే ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. ముడిచమురు లాట్ (ఒక కాంట్రాక్టు పరిమాణం) 100 బ్యారెళ్ళు. 5,800 స్ట్రైక్ కాల్‌ను బ్యారెల్‌కు 150 రూపాయల ప్రీమియానికి (ఆప్షన్ కొనే ధర) కొన్నారనుకోండి, ఖర్చు 15,000. ఎక్స్‌పైరీ నాడు ఫ్యూచర్స్ 5,870 దగ్గర ఆగింది. 70 రూపాయలు లోపల ఉంది కాబట్టి 7,000 రూపాయలు వస్తాయి, ప్రీమియం పోను 8,000 నష్టం. ఇక్కడితో కథ ముగిసిందని సగం పుస్తకాలు రాస్తాయి. నిజానికి ఆ రాత్రికి ఖాతాలో 5,87,000 రూపాయల విలువైన ఫ్యూచర్స్ లాట్ ఒకటి నిలబడి ఉంటుంది, దానికి పూర్తి మార్జిన్ (పూచీ సొమ్ము) కట్టాలి. పొద్దున మార్కెట్ 200 రూపాయలు కిందికి తెరుచుకుంటే ఇంకో 20,000 పోతుంది. 15,000 మించి పోదనుకున్న చోట 28,000 పోయింది. 'కొన్నవాడికి నష్టం ప్రీమియం వరకే' అన్న వాక్యం ఎక్స్‌పైరీ దాకా మాత్రమే నిజం. ఆ హద్దు గీయకుండా ఆ వాక్యం అచ్చేసిన పుస్తకం పాఠకుడికి హాని చేస్తుంది.

అదే అధ్యాయంలో మార్జిన్ సంగతి కూడా ఉండాలి. గడువు దగ్గరపడేకొద్దీ, డివాల్వ్ అయ్యే అవకాశమున్న ఆప్షన్లకు కొన్నవాళ్ళ దగ్గర కూడా మార్జిన్ అడుగుతారు. ఖాతాలో దుడ్లు లేకపోతే బ్రోకర్ తనంతట తానే స్క్వేర్ ఆఫ్ చేస్తాడు, అంటే అమ్మేసి మూసేస్తాడు. చివరి గంటల్లో కొనేవాళ్ళు పలచబడి ఉంటారు, వచ్చిన ధరకే పోతుంది. క్లోజ్ టు ద మనీ (ఫ్యూచర్స్ ధరకు దగ్గరి స్ట్రైక్‌లు) అంటే ఏమిటో, కాంట్రరీ ఇన్‌స్ట్రక్షన్ (ఎక్సర్‌సైజ్ వద్దని చెప్పడం) ఎవరు ఎప్పుడు ఇవ్వాలో కూడా రాసి ఉంటే, రాసినవాడు ఎంసీఎక్స్ సర్క్యులర్లు చదివాడని నమ్మొచ్చు.

తరవాత చూడాల్సింది గుణకారం. ఇది అంగడిలో నిలబడి రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. బంగారం పెద్ద లాట్ 1 కిలో, కానీ ధర చెప్పేది 10 గ్రాములకు. కాబట్టి ధర 1 రూపాయి కదిలితే లాట్‌కు 100 రూపాయలు. గోల్డ్ మినీ 100 గ్రాములు, రూపాయికి 10 రూపాయలు. వెండి 30 కిలోలు, ధర కిలోకు, రూపాయికి 30. సహజవాయువు 1,250 ఎంఎంబీటీయూ (గ్యాస్‌ను కొలిచే యూనిట్), రూపాయికి 1,250. ప్రీమియం 800 అన్న బంగారం కాల్ పెద్ద లాట్‌కు 80,000 రూపాయలు అవుతుంది. కిలో అంటే వెయ్యి గ్రాములు కదా అని 800ను 1,000తో గుణించి 8 లక్షలు అని వేసిన పట్టిక కనబడితే, ఆ రచయిత ఒక్క కాంట్రాక్టు నోట్ కూడా సరిగా చూడలేదని అర్థం. నిఫ్టీ పుస్తకంలో పేర్లు మార్చి కమోడిటీ అని అట్ట వేసినవి కూడా ఇక్కడే దొరికిపోతాయి. వాటిలో స్పాట్ ధర, డివిడెండ్ అనే మాటలు అక్కడక్కడ మిగిలిపోయి ఉంటాయి. ముడిచమురుకు డివిడెండ్ ఎక్కడిది?

లెక్కల అధ్యాయం ఉంటే షేర్ల ఆప్షన్లకు ధర కట్టే బ్లాక్-షోల్స్ సూత్రం దగ్గరే ఆగిందా, బ్లాక్ 76 దాకా వెళ్ళిందా చూడండి. ఫిషర్ బ్లాక్ 1976లో ఫ్యూచర్స్ మీది ఆప్షన్లకు వేరే సూత్రం ఇచ్చాడు. షేరు కొని ఉంచుకోవాలంటే దుడ్లు మొత్తం ముందే పెట్టాలి, ఆ వడ్డీ ఆప్షన్ ధరలో చేరుతుంది. ఫ్యూచర్స్‌కు అలా పెట్టనక్కర్లేదు, కాబట్టి ఆ వడ్డీ చేరకూడదు. తేడా చిన్నదే అనుకోవద్దు. ఫ్యూచర్స్ 6,000, స్ట్రైక్ 6,000, గడువు 30 రోజులు, వడ్డీ 6.5 శాతం అనుకుంటే, ఫ్యూచర్స్ ధరను షేరు ధరలాగా బ్లాక్-షోల్స్‌లో పెట్టినప్పుడు కాల్ విలువ సుమారు 16 రూపాయలు ఎక్కువ చూపిస్తుంది, పుట్ అంతే తక్కువ చూపిస్తుంది. లాట్‌కు 1,600 రూపాయల తప్పు. సరైన సూత్రంలో ఒకే స్ట్రైక్ కాల్‌లోంచి పుట్ తీసేస్తే, ఫ్యూచర్స్ ధరకూ స్ట్రైక్‌కూ మధ్య తేడా రావాలి, వడ్డీ మేరకు కాస్త తగ్గి. పుస్తకంలోని ఏ పట్టికకైనా ఈ తీసివేత చేసి చూడొచ్చు, ఫోనులోని కాలిక్యులేటర్ చాలు. అంకెలు చాలా దూరంగా తేలితే పట్టిక కల్పించి వేసిందే.

అమెరికా పుస్తకాలు చెడ్డవి కావు. ఆప్షన్ స్వభావం, వోలటిలిటీ (ధర ఊగిసలాట), గ్రీకుల (ఆప్షన్ ధర దేనికి ఎంత కదులుతుందో చెప్పే కొలతలు) గురించి వాటిలోనే లోతుగా ఉంటుంది. చిక్కల్లా, అక్కడి ముడిచమురు ఆప్షన్ అమెరికన్ తరహా, గడువులోపు ఎప్పుడైనా ఎక్సర్‌సైజ్ చేయొచ్చు. లాట్ 1,000 బ్యారెళ్ళు. ఎంసీఎక్స్‌ది యూరోపియన్ తరహా, గడువు నాడే. అందుకే మన దగ్గర బాగా లోపలికి వెళ్ళిన ఆప్షన్ ఒక్కోసారి దాని అసలు తేడాకంటే తక్కువకు ట్రేడవుతుంది. 6,000 స్ట్రైక్ కాల్, ఫ్యూచర్స్ 7,000, నెల గడువు ఉంటే తేడా 1,000, పై వడ్డీతో లెక్కలో వచ్చేది సుమారు 995. అమెరికా పుస్తకం చదివి, ఇది చౌకగా దొరికిందని కొనేవాళ్ళున్నారు. అక్కడి పుస్తకానికి అందని ఇంకొకటి మన ప్రభుత్వం, మన రూపాయి. ఎంసీఎక్స్ బంగారం ధరలో డాలరు ధర, ఔన్సుకు 31.1035 గ్రాముల మార్పిడి, రూపాయి మారకం, దిగుమతి సుంకం అన్నీ కలిసి ఉంటాయి. 2024 జులై 23న బడ్జెట్‌లో సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే ఇక్కడి ధర ఒక్కరోజులో వేలల్లో పడింది. ఆ పతనం బయటి చార్టులో వెతికినా కనబడదు.

అచ్చయిన సంవత్సరం తప్పకుండా చూడండి. మన దేశంలో ఇప్పటి కమోడిటీ ఆప్షన్లు మొదలైందే 2017 అక్టోబరులో, ఎంసీఎక్స్ బంగారంతో. అంతకుముందు మన మార్కెట్ మీద వచ్చిన కమోడిటీ పుస్తకాలు దాదాపుగా ఫ్యూచర్స్ గురించినవే. 2020 ఏప్రిల్ 20కి ముందు అచ్చయినవాటిలో ఇంకో లోపం ఉంటుంది. ఆ రోజు అమెరికా ముడిచమురు మే కాంట్రాక్టు బ్యారెల్ మైనస్ 37.63 డాలర్ల దగ్గర తేలింది, ఎంసీఎక్స్ ఏప్రిల్ కాంట్రాక్టును మైనస్ 2,884 రూపాయలకు తేల్చారు. ధర సున్నా దాటి కిందికి పోదన్న నమ్మకం మీదే బ్లాక్ 76 నిలబడి ఉంది. ఆ వారంలోనే అమెరికా ఎక్స్ఛేంజీ సీఎంఈ చమురు ఆప్షన్లకు, ధర సున్నా కిందికి పోవడాన్ని ఒప్పుకునే బాషెలియే నమూనాకు మారింది. 'పుట్ అమ్మినవాడికి గరిష్ఠ నష్టం స్ట్రైక్ ధర' అని ఇప్పటికీ రాస్తున్న పుస్తకాన్ని పాతదనే అనుకోవాలి. అలాగే శనగలు, సోయా, ఆవాల ఆప్షన్లతో ఉదాహరణలు నింపిన పుస్తకాలున్నాయి. 2021 డిసెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఏడు వ్యవసాయ సరుకుల డెరివేటివ్స్‌ను (ఫ్యూచర్స్, ఆప్షన్లను) నిలిపేసింది, ఆ తరవాత నిలుపుదలను పదేపదే పొడిగించింది. నిలిపేసిన సంగతి ఒక్క ముక్కయినా లేకపోతే కొత్త ముద్రణ అన్నది అట్ట వరకే.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయే అధ్యాయం, 'నెలనెలా ఆదాయం'. సహజవాయువులో దూరపు కాల్, దూరపు పుట్ (స్ట్రైక్ ఇప్పటి ధరకు దూరంగా ఉన్నవి) రెండూ అమ్మి ప్రీమియం తినమంటారు. రెండూ 4 రూపాయల చొప్పున అమ్మితే 8 రూపాయలు, లాట్‌కు 10,000. గురువారం రాత్రి అమెరికా గ్యాస్ నిల్వల నివేదిక వస్తుంది, మన టైము వేసవిలో 8 గంటలకు, చలికాలంలో 9 గంటలకు. ధర ఎగిరి, 4 రూపాయల కాల్ 18 అయిందనుకోండి. పుట్ 1 రూపాయికి తగ్గుతుంది. కాల్‌లో 17,500 పోయి పుట్‌లో 3,750 మిగిలి, నికరంగా 13,750 నష్టం, అదీ కొన్ని నిమిషాల్లో. వెంటనే మార్జిన్ పెరుగుతుంది, ఖాతాలో లేకపోతే అదే ధరకు బ్రోకర్ కోసేస్తాడు. శుక్రవారం రాత్రి మూసి సోమవారం తెరిచేలోపు బయట ఏం జరిగినా స్టాప్‌లాస్ (నష్టం ఒక హద్దు దాటగానే మూసేయమనే ఆర్డర్) పనిచేయదు. ఈ అధ్యాయంలో నివేదికల టైము, వారాంతపు గ్యాప్, పెరిగే మార్జిన్ ఈ మూడూ లేకపోతే మిగతా పుస్తకం ఎంత బాగున్నా నేనైతే ఎవరికీ కొనమని చెప్పను. షేర్ల ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని సెబీ అధ్యయనమే చెప్పింది. అది కమోడిటీ లెక్క కాదు. అయినా నెలనెలా ఆదాయమని రాసే రచయిత కనీసం ఆ అంకె ముందు నిలబడి జవాబు చెప్పాలి.

ఉదాహరణల్లో ధరలు బిడ్ (కొనేవాళ్ళు ఇస్తామన్న ధర), ఆస్క్ (అమ్మేవాళ్ళు అడిగే ధర) రెండూ ఇచ్చారా? దూరపు స్ట్రైక్‌లో బిడ్ 42, ఆస్క్ 58 ఉండటం మామూలే. 58కి కొని వెంటనే అమ్మితే 42. ముడిచమురు లాట్‌కు 1,600 రూపాయలు ధర కదలకుండానే పోయినట్టు. నాలుగు కాళ్ళ ఐరన్ కాండార్ (నాలుగు ఆప్షన్లు కలిపి వేసే స్ట్రాటజీ) అయితే ఇది నాలుగు చోట్ల తగులుతుంది. పైన బ్రోకరేజీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఆపైన సీటీటీ (సరుకుల లావాదేవీ పన్ను). ఒకే ధర రాసి లాభం చూపించే స్ట్రాటజీ పేజీలను నమ్మొద్దు.

చివరి అట్ట మీద క్యూఆర్ కోడ్, టెలిగ్రామ్ గ్రూప్ ఉంటే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సలహాదారుకు ఐఎన్ఏతో, రీసెర్చ్ అనలిస్టుకు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. సెబీ సైటులో ఒక్క నిమిషంలో సరిచూసుకోవచ్చు. పుస్తకం కొనకముందే సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం వారి కమోడిటీ డెరివేటివ్స్ వర్క్‌బుక్, ఎంసీఎక్స్ సైటులోని కాంట్రాక్ట్ స్పెసిఫికేషన్లు ఖర్చు లేకుండా చదవొచ్చు. అందులో ఉన్నదే తిరగరాసిన పుస్తకానికి దుడ్లు పెట్టడం దండగ.

మన ప్రాంతంవాళ్ళు ఇంకో మాట కూడా చూసుకోవాలి. తోతాపురి మామిడికీ, మదనపల్లె టమాటాకూ ఆప్షన్ లేదు. 'రైతు ఇలా హెడ్జ్ (ధర పడితే నష్టం రాకుండా కాపు) చేసుకోవచ్చు' అన్న అధ్యాయం చదివి చిత్తూరు రైతు చేయగలిగిందేమీ లేదు. నిజంగా పనికొచ్చేది నగల వ్యాపారికి. తిరుపతి గాంధీ రోడ్డులో చిన్న అంగడి, దాంట్లో 300 గ్రాముల సరుకు ఉందనుకుందాం. ధర పడితే నష్టం రాకుండా మూడు గోల్డ్ మినీ పుట్‌లు కొనొచ్చు. ప్రీమియం 900 అయితే లాట్‌కు 9,000, మొత్తం 27,000. ఇది బీమా కంతు లాంటిది, ధర పడకపోతే తిరిగిరాదు. ఇక్కడిదాకా చాలా పుస్తకాలు సరిగ్గానే రాస్తాయి. ధర నిజంగానే పడి, పుట్‌లు ఇన్ ద మనీలోకి వచ్చి, గడువు దాకా అలాగే ఉంచితే అవి మూడు లాట్ల ఫ్యూచర్స్ అమ్మకాలుగా మారతాయి. గోల్డ్ మినీ డెలివరీ తప్పనిసరి కాంట్రాక్టు, ఎక్స్ఛేంజీ ఒప్పుకున్న రిఫైనరీ 995 (99.5 శాతం స్వచ్ఛత) బంగారమే ఇవ్వాలి. అంగడిలో ఉన్నది 916 (22 క్యారట్ల) నగలు, అవి చెల్లవు. కాబట్టి ఆ వ్యాపారి పుట్‌లను మార్జిన్ అడగడం మొదలయ్యేలోపే, పగటిపూట కొనేవాళ్ళు ఉన్నప్పుడే అమ్ముకుని, కావాలంటే తరవాతి నెల పుట్‌కు మారాలి. ఏ తేదీలోపు మారాలో క్యాలెండర్ వేసి చూపించిన పుస్తకం దొరికితే, దాని ధర ఎంతైనా ఆ వ్యాపారికి గిట్టుబాటే.