బరువు లాగే ట్రక్కుకు ఎలాంటి మఫ్లర్ కావాలి

పునాదుల కోసం నేలను పరీక్షించే ఒక సంస్థలో నేను సైట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. బోరు వేసే రిగ్గును ట్రైలర్ మీదికి ఎక్కించి, దాన్ని పికప్ ట్రక్కుకు తగిలించి టెక్సస్‌లో ఒక సైటు నుంచి మరో సైటుకు లాక్కుపోవడం మా ఉద్యోగంలో పెద్ద భాగం. ఆ ట్రక్కు మఫ్లర్, అంటే మన సైలెన్సర్, అడుగున తుప్పు పట్టి చిల్లులు పడడంతో కొత్తది ఎంపిక చేసే బాధ్యత నా మీద పడింది. వీలైనంత తక్కువ చప్పుడు చేసేదే తీసుకుందామని నేనన్నప్పుడు మా డ్రిల్లర్, అంటే రిగ్గుతో బోరు వేసే మనిషి, వయసులోనూ అనుభవంలోనూ నాకన్నా చాలా పెద్దాయన, బరువు లాగే బండి అన్నాక దాని గొంతు వినిపించాలనీ, మీవాళ్లు ప్రతిదానికీ మరీ జంకుతారనీ అందరి ముందూ అనేశారు.

ఆ మాటలో ద్వేషం లేదని నాకు తెలుసు. చేరిన కొత్తలో ట్రైలర్‌ను వెనక్కి నడపడం, సేఫ్టీ చెయిన్లను ట్రైలర్ తగిలించే హిచ్ కింద ఒకదాని మీదుగా ఒకటి దాటించి తగిలించడం నాకు ఓపికగా నేర్పింది ఆయనే. అయినా మన దేశంవాళ్లందరినీ కలిపి అన్న ఆ ‘మీవాళ్లు’ మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. లారీల హారన్ల నడుమ, ఊరేగింపుల నడుమ పెరిగినవాళ్లకు చప్పుడంటే భయమేమిటి? మోతలో పెరిగినవాళ్లం కనుకనే, గంటల తరబడి చెవిలో మోగే మోత మనిషిని ఎంతగా అలసిపోయేలా చేస్తుందో మనకు తెలుసు. పదిమందిలో పెద్దాయనకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. అప్పుడు చెప్పవలసినది ఇక్కడ రాస్తున్నాను.

నిలిపి ఉంచిన బండిలో యాక్సిలరేటర్ తొక్కి, వచ్చిన చప్పుడును బట్టి మఫ్లర్‌ను ఎంచుకునేవాళ్లను ఇక్కడ చాలామందిని చూశాను. లాగుడుకు వాడే బండి విషయంలో ఆ పరీక్ష బొత్తిగా పనికిరాదు. నిలిపి ఉంచిన బండి ఇంజన్ మీద భారం ఉండదు. వెనక బరువైన ట్రైలర్‌తో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాగా తెరుచుకుని, ప్రతి సిలిండర్ నుంచీ వెలువడే వాయువు, దాని వేడి, దాని ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతాయి. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్‌లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు సిలిండర్లలో ఇంధనం మండుతుంది కనుక, 1800 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1800 చుట్ల, దగ్గర ఎగ్జాస్ట్ (పొగ) గొట్టంలో సెకనుకు 120 దెబ్బలు పడతాయి. ఈ 120 హెర్ట్జ్ హోరు క్యాబిన్‌లోని గాలిని కూడా కంపింపజేస్తే, ఇక్కడివాళ్లు డ్రోన్ అని పిలిచే ఆ ఎడతెగని రొద మొదలవుతుంది. వినికిడిని లెక్కించడానికి మామూలుగా వాడే ఏ-వెయిటింగ్ పద్ధతిలో డెసిబెల్ మీటరు 100 హెర్ట్జ్ దగ్గరి శబ్దాన్ని దాదాపు 19 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. అందువల్ల మీటరు మీద అంకె చిన్నదిగానే కనిపించినా ఛాతీకీ కణతలకూ ఆ హోరు తెలుస్తూనే ఉంటుంది.

రిగ్గు దగ్గర మేమందరం చెవులకు రక్షణ పెట్టుకునే పనిచేస్తాము. ఎనిమిది గంటల సగటు 85 డెసిబెల్స్‌కు చేరితే యజమాని వినికిడి రక్షణకు ఏర్పాట్లు చేయాలని అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. సైటులో అంత జాగ్రత్త తీసుకున్న మనిషి, తిరిగి వచ్చే దారిలోనైనా చెవులకు విశ్రాంతి కోరుకుంటే అది జంకు ఎలా అవుతుంది? ఆ రొదలో ట్రైలర్ టైరు పగిలిన చప్పుడు, చెయిన్ జారి రోడ్డుకు రాసుకునే చప్పుడు వినిపించకపోతే నష్టపోయేది డ్రైవరు ఒక్కడే కాదు.

మఫ్లర్లలో ప్రధానంగా కనిపించే తేడా లోపలి నిర్మాణంలో ఉంది. ఫ్లోమాస్టర్ పేరుతో బాగా ప్రసిద్ధమైన చాంబర్ రకంలో అడ్డుగోడల మధ్య శబ్ద తరంగాలు ఢీకొని ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. గొంతు గంభీరంగా ఉంటుంది, మా డ్రిల్లర్‌కు నచ్చేది అదే. కానీ కొన్ని ఆర్‌పీఎంల దగ్గర, ముఖ్యంగా భారం మీద, డ్రోన్ ఎక్కువ కావచ్చు. స్ట్రెయిట్-త్రూ రకంలో చిల్లుల గొట్టం చుట్టూ ఫైబర్‌గ్లాస్ లాంటి నార కూరుతారు. వాయువుకు అడ్డు చాలా తక్కువే, అయితే ఆ నార కీచు శబ్దాలను పీల్చుకున్నంత బాగా లోతైన హోరును పీల్చుకోలేదు, ఏళ్లు గడిచేకొద్దీ వేడికి చెడిపోతుంది కూడా. ఇక కంపెనీ నుంచి బండితోపాటు వచ్చే రకంలో వాయువు ముందుకూ వెనక్కూ మళ్లుతూ పోతుంది, ఫలానా హెర్ట్జ్‌ల హోరును అణచడానికే ప్రత్యేకంగా ఒక గది ఉంటుంది. బరువు ఎక్కువే, చూడడానికి అందమూ ఉండదు, అయినా నా ఓటు దానికే. మా ట్రక్కు ఇంజన్ భారం లేనప్పుడు నాలుగు సిలిండర్లను ఆపేస్తుంది, అప్పుడు ఆ 120 దెబ్బలు కాస్తా 60 అవుతాయి. ఈ రెండు స్థితులనూ దృష్టిలో పెట్టుకుని తయారైన మఫ్లర్‌ను తీసేసి కేవలం గొంతు కోసం ఇంకొకటి బిగిస్తే, ట్రైలర్ లేకుండా తిరిగి వచ్చే దారి కూడా రొదగానే మారుతుంది.

అడ్డు తక్కువైతే లాగుడు శక్తి పెరుగుతుందన్నది మా డ్రిల్లర్ వాదనలో రెండో భాగం. వాయువుకు అనవసరమైన అడ్డు ఇంజన్‌కు మేలు చేయదన్న మాట నిజమే. కానీ ఆ అడ్డు తీసేసినందువల్ల కలిగే లాభం ప్రధానంగా ఎక్కువ ఆర్‌పీఎంల దగ్గర కనిపిస్తుంది, బరువు లాగడానికి కావలసిన టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, అంతకన్నా చాలా కిందనే అవసరమవుతుంది. పైగా గొట్టం వెడల్పు మరీ పెంచితే వాయువు వేగం తగ్గిపోతుంది కనుక పాత గొట్టం కొలతనే ఉంచడం మంచిది. మఫ్లర్‌కు ముందుండి, పొగలోని హానికర వాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ జోలికి ఎవరూ పోకూడదు. దాన్ని తొలగించడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. అసలు మఫ్లరే లేకుండా పక్కదారిన వాయువును వదిలేయడాన్ని టెక్సస్ చట్టం కూడా ఒప్పుకోదు.

లోహం గురించి మాత్రం మాలో ఎవరికీ పేచీ లేదు. పెట్రోలు లీటరు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. సైటులో బండిని కాసేపు నడిపి ఆపుతూ ఉంటే మఫ్లర్ పూర్తిగా వేడెక్కదు, ఆ నీరు లోపలే నిలిచి తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. మా పాతది పోయింది ఈ విధంగానే. అల్యూమినియం పూత ఉక్కు చవకే కానీ, వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోయి బలహీనపడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్‌లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, చాలా కాలం మన్నుతుంది, ధరా దానికి తగినట్టే ఉంటుంది. సుమారు 11 శాతం క్రోమియం ఉండే 409 రకం పైకి కొంత ఎర్రబారినా వేడిని బాగా తట్టుకుంటుంది. రోడ్ల మీద ఉప్పు చల్లే మంచు ప్రాంతంలో మేము లేము కనుక మాకు 409 చాలునని నిర్ణయించాము.

గొట్టం చివర ఎక్కడ ఉండాలన్న విషయంలో మాత్రం నేను డ్రిల్లర్ మాటకే పూర్తిగా కట్టుబడ్డాను. వెనక చక్రాలకు ముందే, ట్రక్కు అడుగునే వాయువును వదిలేసే పొట్టి గొట్టం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. అది పూర్తిగా సబబు. ట్రైలర్ తగిలించి బండిని నిలిపి ఉంచినప్పుడు అడుగున చేరిన కార్బన్ మోనాక్సైడ్ సందుల్లోంచి క్యాబిన్‌లోకి రావచ్చు. స్పేర్ టైరుకూ ట్రైలర్ లైట్ల వైర్లకూ వేడి తగులుతుంది. ఎండుగడ్డి పొలాల్లో బండి ఆపవలసిన మాకు నిప్పు భయం కూడా ఉంది. అందుకని గొట్టం వెనక చక్రాన్ని దాటి పక్కకు తిరగాలనీ, కంపెనీ బిగించిన వేడి కవచాలు ఒక్కటీ తీయకూడదనీ మఫ్లర్ బిగించేవాళ్లకు రాసి ఇచ్చాను. గొట్టాన్ని నొక్కేసే యూ-బోల్టుల బదులు పట్టీలా చుట్టుకునే బ్యాండ్ క్లాంపులు అడిగాను, మళ్లీ ఎప్పుడైనా విప్పవలసి వస్తే గొట్టం చెడిపోకుండా వస్తుంది. మొదటిసారి బాగా వేడెక్కి చల్లారిన తర్వాత అవి కొంత సడలే అవకాశం ఉంది కనుక మళ్లీ ఒకసారి బిగించి చూడాలి. చప్పుడు మీద తన అభిప్రాయం మార్చుకోని మా పెద్దాయన, ఆ పని మాత్రం తానే చేస్తానని రెంచి తీసి ట్రక్కులో పెట్టుకున్నారు.