32 కేబీతో సరిపెట్టుకున్న రోజులు

మా బడి మొత్తానికి ఏసీ ఉన్నది కంప్యూటర్ గదిలోనే. హెడ్‌మాస్టర్ గారికి సైతం ఫ్యానే గతి. చెప్పులు గుమ్మం బయట విప్పి, కాళ్లు దులుపుకుని లోపలికి వెళ్లేవాళ్లం.

1984-85లో కేంద్రం 'క్లాస్' ప్రాజెక్టు పేరుతో మొదట 250 స్కూళ్లలో కంప్యూటర్ చదువు మొదలుపెట్టింది. తర్వాత పెరిగిన జాబితాలో మా బడీ చేరింది. వచ్చినవి బీబీసీ మైక్రోలు. ఇంగ్లండ్‌లో బీబీసీ టీవీ పాఠాలకు తోడుగా కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో విడుదల చేసిన యంత్రం అది. కీబోర్డు డబ్బాలోనే కంప్యూటరంతా ఇమిడి ఉండేది. పైవరసలో ఎర్రటి ఫంక్షన్ కీలు. ఆన్ చేస్తే 'బూ... పీప్' అనేది.

మెమరీ 32 కేబీ (కిలోబైట్లు), అంటే 32 వేల పైచిలుకు అక్షరాలు పట్టే చోటు. తెర మీద బొమ్మకీ అందులోంచే వాటా పోవాలి. తెర ఎలా కనిపించాలో ఎంచుకోవడానికి 'మోడ్'లు ఉండేవి. అక్షరాలకు మోడ్ 7లో 1 కేబీ చాలు. రంగులన్నీ కావాలని మోడ్ 2కి వెళితే తెర ఒక్కటే 20 కేబీ మింగేసేది. ప్రోగ్రాం కాస్త పెద్దదైతే ఆ మోడ్‌కి చోటు చాలదంటూ 'బ్యాడ్ మోడ్' అని మొండికేసేది. "జీతం ఎంతో చూసుకుని ఖర్చు పెట్టండిరా" అనేవారు లెక్కల మాస్టారు. ఇక రెమ్ లైన్లు (మనకు గుర్తుండటానికి రాసుకునే వివరణలు) పీకేసేవాళ్లం, కోలన్లు పెట్టి మూడు లైన్లను ఒక్కదాంట్లో కుక్కేవాళ్లం. మర్నాటికి రాసినవాడికే అది అర్థమయ్యేది కాదు!

ఇదే యంత్రం మీద కేంబ్రిడ్జ్ విద్యార్థులు ఇయాన్ బెల్, డేవిడ్ బ్రేబెన్ 1984లో 'ఎలీట్' అనే అంతరిక్షం ఆట తయారుచేశారు. అందులో ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 నక్షత్ర మండలాలు. వాటిని దాచడానికి చోటెక్కడిది? అందుకే ఏదీ దాచలేదు. చిన్న అంకెల నుంచి ఒక సూత్రంతో అవసరమైనప్పుడల్లా పుట్టించారు. తెరలో పైభాగాన్ని నలుపు తెలుపులో, కిందిభాగాన్ని రంగుల్లో నడిపి మెమరీ మిగిల్చారు. ఉద్యోగంలో చేరాక ఈ సంగతి చదివి, మా కోలన్ల తెలివికి నవ్వుకున్నాను.

బ్రేక్ కీ సంగతి మా బ్యాచ్‌లో అందరికీ గుర్తుండే ఉంటుంది. చెయ్యి తగిలితే తెరంతా ఖాళీ. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు మాస్టారు తాపీగా వచ్చి 'ఓల్డ్' అని టైప్ చేసేవారు. ప్రోగ్రాంను తెర మీద చూపించే 'లిస్ట్' కొడితే అది మళ్లీ ప్రత్యక్షం. కరెంటు పోతే మాత్రం ఆయనా ఏం చేయలేరు, అంతా మొదటి నుంచే.

ఈసారి మన బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమావేశానికి మాస్టారు వస్తానన్నారు. ఆనాటి ప్రోగ్రాం క్యాసెట్లు ఎవరి అటక మీదైనా ఉంటే దించి తీసుకురండి. టేప్‌రికార్డర్ నేను తెస్తాను.