ఫొటో తీసినవాడు

ఈ సంచికలో 'మనల్ని విడిచి వెళ్లినవారు' పేజీ నాకు అప్పగించారు. మన 1991 పదో తరగతి బ్యాచ్‌లో ఇప్పటికి ఏడుగురు. ఫొటోలు పోగుచేసి ప్రెస్సుకి పంపితే చాలు, ఒక ఆదివారం పని అన్నారు. రెండు నెలలు పట్టింది.

పోయినవాళ్ల ఫొటో అడగడం ఎంత కష్టమో అడిగితేగాని తెలీదు. "మంచి ఫొటో ఏదైనా ఉంటే పంపండమ్మా" అనగానే అవతల కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత వాట్సాప్‌లో వచ్చేవన్నీ ఇంచుమించు ఒకే రకం. పెద్దకర్మ రోజు ఫ్లెక్సీకి వాడినవి. ఎవరి పెళ్లిలోనో దిగిన గ్రూపులోంచి కోసి, వెనకాల నీలం మబ్బులు పెట్టినవి. చాలావాటికి భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయి ఉంటుంది. మన క్లాసులో ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఫొటోలో ఆ చేతికి ఎర్రగాజులు. వాళ్ల పాప చెప్పింది, "మా పిన్ని చెయ్యండి అది. చెరిపేద్దామంటే అమ్మ భుజం కూడా పోతుందన్నారు." ప్రెస్సువాడు ఇప్పుడు చెరిపేయడం చిటికెలో పని అన్నాడు. వద్దన్నాను. మీరు పేజీ తిప్పితే ఆ గాజులు అక్కడే కనిపిస్తాయి.

మా నాయనమ్మకి కెమెరా అంటే భయం. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందనేది. తొంభై దాకా బతికింది కాబట్టి ఆవిడతో వాదించడానికి లేదు. ఆవిడ ఉన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటే, అందులోనూ వీపు.

ఇదే ఆఖరి ఫొటో కావచ్చని తెలిసి దిగినవాళ్లు ఎందరుంటారు? మన సోషల్ మాస్టారి గదిలో టోపీ పెట్టుకున్న భగత్ సింగ్ పటం గుర్తుందా? 1929 ఏప్రిల్‌లో, అసెంబ్లీలో బాంబులు వేయడానికి కొద్దిరోజుల ముందు, ఢిల్లీ కశ్మీరీ గేటు దగ్గర స్టూడియోకి వెళ్లి తీయించుకున్నదట. 1931 మార్చి 23న ఉరి తీశాక దేశానికి గుర్తుండిపోయిన ముఖం అదే. గోడకి ఏ ఫొటో ఎక్కాలో తానే ఎంచుకుని వెళ్లాడు. మనవాళ్లలో ఎవరికీ ఆ వీలు లేకపోయింది.

ఏడుగురిలో ఆరుగురి ఫొటోలు ఎలాగో దొరికాయి. దొరకనిది 'కెమెరా'ది. అసలు పేరు రాస్తే మీలో సగంమందికి తట్టదు కూడా. వాళ్ల బావ ఇచ్చిన యాషికా మెడలో వేసుకుని, రీలుకి 36 ఫొటోలేనని లెక్క చెప్పి, ఒక్కో ఫొటోకి మనచేత పది నిమిషాలు ఎండలో నిలబెట్టించేవాడు. "నువ్వూ రారా, వేరేవాళ్లు తీస్తారులే" అంటే వినేవాడు కాదు. రీలు మనం పాడుచేస్తామని భయం. స్కూల్ డే, విహారయాత్ర, చివరిరోజు ఏడుపులు, మన దగ్గరున్నవన్నీ వాడు తీసినవే. ఒక్కదాంట్లోనూ వాడు లేడు.

ఆ వేసవి మే 21న రాజీవ్ గాంధీ విశాఖలో ప్రచారం చేసి, సాయంత్రం మద్రాసు వెళ్లారు. రాత్రి పది దాటాక శ్రీపెరంబుదూరులో బాంబు పేలింది. హరిబాబు అనే ఫొటోగ్రాఫరూ అక్కడే చనిపోయాడు. కుట్ర చేసినవాళ్లే అతన్ని తీసుకెళ్లారని తర్వాత తేలింది. మనిషి పోయాడు గానీ కెమెరా మిగిలింది. రీలులో పది ఫొటోలు. గంధపు దండ పట్టుకుని నిలబడ్డ మానవబాంబు ధను వాటిలో ఉంది. దర్యాప్తుకి మొదటి దారి ఆ రీలే చూపింది. ఆ ఫొటో పడిన పేపరు పట్టుకుని మనవాడు మా అరుగు మీదకి వచ్చాడు. మేమంతా దండ పట్టుకున్నామెను చూస్తున్నాం. వాడు చాలాసేపు చూసి, "అందరూ ఉన్నార్రా. తీసినవాడే లేడు" అన్నాడు.

వాడి భార్య తన దగ్గరున్న ఒక్క ఫొటో పంపింది, ఆధార్ కార్డు మీదది. పంపిన రెండు నిమిషాలకే ఫోన్ చేసి, "వద్దన్నయ్యా, దొంగలా పడ్డారు అందులో" అంది. నిజమే. వాడి ఫోను కూడా ఇచ్చి వెతకమంది. వేలల్లో ఉన్నాయి. కొబ్బరిచెట్లు, కూతురు, రోడ్డు మీద కుక్కలు, మళ్లీ కూతురు. చివరికి స్టూడియో ఆయన తీసిన పదో తరగతి గ్రూపు ఫొటోలోంచే వాణ్ణి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే ఆ పేజీలో ఆరుగురు నెరిసిన జుట్టుతో ఉంటే, వాడొక్కడు నూనుగు మీసంతో ఉన్నాడు. అచ్చుతప్పు అనుకోకండి.

పేజీలో వెయ్యని ఫొటో ఒకటి నా దగ్గరుంది. 2021 మేలో, మంచాలు దొరకని రోజుల్లో, వాడు నాకు వాట్సాప్ చేసింది. ఆక్సీమీటర్ తగిలించిన చూపుడువేలు. 88 అని ఉంది. కింద "పర్లేదుగా?" అని రాశాడు. నేను అంకె చూశాను, డాక్టర్లకి ఫోన్లు కొట్టడం మొదలుపెట్టాను. నాలుగోరోజు పోయాడు. సంచి కట్టేసి ఇచ్చారు, ముఖం చూసినవాళ్లు లేరు.

ఈ పని మీద మొన్న మళ్లీ తెరిచాను. ఈసారి అంకె కాదు, వేలు చూశాను. కణుపు మీద తెల్లటి మచ్చ. ఎనిమిదో తరగతిలో సూదిబెజ్జం కెమెరా చేస్తూ అట్టపెట్టె కోస్తుంటే బ్లేడు దిగిన చోటు. సైన్సు మాస్టారు కట్టు కడతాను రమ్మని అరుస్తున్నా వినకుండా, నెత్తురు కారే వేలితోనే పెట్టె పట్టుకుని బడంతా తిరిగాడు, తలకిందులుగా పడ్డ వేపచెట్టు చూడండ్రా అని.