తాబేలుకి ఎండ కొన్న కథ

పెట్టె సిద్ధం, దీపాలు సిద్ధం, కాగితాలు సిద్ధం. ఇక తాబేలు రావడమే తరువాయి. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. చల్లారాక రాస్తే దీపం అమ్మిన ఆ దుకాణదారు మీద జాలిపడి సగం మింగేస్తానేమో.

తేలిగ్గా అయిపోయినవి ముందు చెప్పేస్తాను. జాతి విషయంలో మాకు పెద్ద చర్చే లేదు. హెర్మన్ తాబేలు అనుకున్నాం. మధ్యధరా ప్రాంతపు మెట్ట తాబేలు ఇది. పెద్దయినా చాలావాటి చిప్ప 20 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది. అరచేతిలో పట్టే సల్కాటా అనే ఆఫ్రికా తాబేలు పిల్లను చూపించి "ఎంత ముద్దుగా ఉందో, ఇది తీసుకోండి" అన్నవాళ్లు లేకపోలేదు. ఆ ముద్దు పెరిగితే 40, 50 కిలోలు తూగుతుంది, నేలలో సొరంగాలు తవ్వుతుంది. అప్పుడు దాన్ని ఎవరికి అంటగట్టాలా అని తిరుగుతారు వీళ్లే. నక్షత్ర తాబేలు జోలికైతే అసలు పోవద్దు. 2019లో దాన్ని సైట్స్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలోకి మార్చారు. అడవిలో పట్టినవాటితో దేశాల మధ్య వ్యాపారం చేయడం నిషేధం. భారతదేశంలో ఇంట్లో పెట్టుకున్నా నేరమే. "గుట్టుగా తెచ్చిపెడతాను" అని ఎవరైనా అన్నారంటే అది దొంగసొత్తే.

కాగితాల పని నేను భయపడినంత లేదు. మెట్ట తాబేళ్లన్నీ సైట్స్ పరిధిలోవే కాబట్టి, పెంపకంలో పుట్టిన పిల్లే కావాలి, రుజువు చేతికివ్వాలి అని మొదటి ఫోన్‌లోనే చెప్పాను. పెంపకందారు ఒక పెద్దావిడ. నన్ను ఆవిడే ఎక్కువ ప్రశ్నలు వేశారు. "మీ తర్వాత దీన్ని ఎవరు చూస్తారమ్మా?" అని అడిగారు. 50 ఏళ్లు, అంతకు మించీ బతికే జీవి మరి. మా అమ్మాయి చేత ఒప్పుకోలు చెప్పించాను. సెయింట్ హెలీనా దీవిలో జోనాథన్ అనే తాబేలు 190 ఏళ్లు దాటిందని చదివిన దగ్గర్నుంచి మా ఆయన, "వీలునామాలో దాని వాటా ఎంత?" అని అడుగుతూనే ఉన్నారు. పెట్టె ఫొటోలు పంపిస్తేగాని పిల్లను ఇవ్వనన్నారు ఆవిడ. అమ్మేవాళ్లంటే అలా ఉండాలి.

పెట్టె వడ్రంగి చేత చేయించాను. వెడల్పుగా, పైన మూత లేకుండా, చెక్కతో. గాజు తొట్టి వద్దు. అవతల కనిపిస్తుంటే అది గోడ అని తాబేలుకి అర్థం కాదు, రోజంతా గాజును గీరుతూనే ఉంటుంది. గాలి ఆడక లోపల వేడి కూడా పేరుకుంటుంది. అడుగున ఎరువులు కలపని తోటమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపి, తాబేలు కప్పుకుని పడుకునేంత మందాన పోశాను. పైపైన పొడిగా, అడుగున తడిగా ఉండాలి. చిప్ప గుట్టలు గుట్టలుగా లేచిన తాబేళ్లను చూసి "మాంసకృత్తులు ఎక్కువయ్యాయి" అని పాతకాలం వాళ్లు చెబుతారు. 2003లో సల్కాటా పిల్లల మీద చేసిన ఒక పరిశోధనలో అసలు దోషి పొడిగాలి అని తేలింది. మాంసకృత్తుల పాత్ర నామమాత్రమే.

ఇక దీపం. ఇక్కడే నా పరువు పోయింది.

తాబేలుకి రెండు రకాల వెలుగు కావాలి. ఒకటి వేడికి. దాని కింద 32 నుంచి 35 డిగ్రీలు, అవతలి మూల 20, 22 డిగ్రీలు ఉంటే ఎటు పోవాలో అదే చూసుకుంటుంది. రెండోది యూవీబీ, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు. ఇది చర్మానికి తగిలితేనే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకి పడుతుంది. యూవీబీ లేకపోతే మీరు ఎంత కాల్షియం పొడి చల్లినా దండగే. చిక్కేమిటంటే యూవీబీ కంటికి కనిపించదు.

దుకాణంలో అడిగితే మెలికలు తిరిగిన బల్బు ఒకటి తీసిచ్చాడు. డబ్బా మీద తాబేలు బొమ్మ, పక్కన 'ఫుల్ స్పెక్ట్రమ్' అన్న మాట. యూవీబీ శాతం మాత్రం ఎక్కడా లేదు. అడిగాను. "ఫుల్ అంటే అన్నీ ఉన్నట్టే కదా మేడమ్" అన్నాడు. లేకపోతే తిరిగిచ్చేస్తానని చెప్పి మరీ తెచ్చుకున్నాను.

సరీసృపాలను చూసే డాక్టరుగారి దగ్గర యూవీ మీటరు ఉంది. అడిగితే ఇచ్చారు. నేను స్కూల్లో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెబుతున్నదాన్ని, కిటికీ గాజు యూవీబీని ఆపేస్తుందని కొన్ని వందల మంది పిల్లల చేత రాయించాను. అయినా కళ్లతో చూడటం వేరు. మూసిన కిటికీ వెనక ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది, మీటరులో యూవీ సూచిక 0.0. రెక్క తీశాను, 5.1. మా ఆయన్ని పిలిచి మూసి, తీసి, మళ్లీ మూసి చూపించాను. తర్వాత ఆ బల్బు వెలిగించాను. గదంతా నీలం కలిసిన తెల్లటి వెలుగు. మీటరు 0.0. దగ్గరికి జరిపాను. గాజుకి ఆనుకునేదాకా జరిపాను. అప్పటికీ చివరి అంకె ఒకసారి 1 అని, మళ్లీ సున్నాకి పడిపోయింది.

బల్బు, మీటరు రెండూ పట్టుకుని దుకాణానికి వెళ్లాను. అతను బల్బు హోల్డర్‌లో పెట్టి స్విచ్ వేశాడు.

"వెలుగుతోందా లేదా మేడమ్?"

"వెలుగుతోంది."

"మరి ఇంకేం కావాలి?"

వెనక చేపల మేత కొనుక్కుంటున్న ఇద్దరు నవ్వారు. మీటరు చూపిస్తే, "ఇవన్నీ ఎవరు నమ్ముతారండీ, తాబేలుకి పెళ్లికూతురికి చేసినట్టు ముస్తాబు చేస్తున్నారు" అన్నాడు. "మా దగ్గర ఏళ్లుగా ఉన్నాయి, ఏమైంది వాటికి?" అంటూ గాజు తొట్టి చూపించాడు. ఏమైందో చూశాను. ఒకటి నడుస్తోంది గాని పొట్ట నేల మీంచి లేవడం లేదు, ఈడ్చుకుంటూ పోతోంది. పై ముక్కు పెరిగి కింది దవడ మీదికి వంగిపోయింది. అడిగి చేతిలోకి తీసుకుని చిప్ప అంచు వేలితో నొక్కాను. లోపలికి దిగింది. ఆ సైజు తాబేలుకి చిప్ప గట్టిగా ఉండాలి. "ఇది ఎముకల జబ్బు" అన్నాను. "ఆ జాతే అంత మేడమ్" అన్నాడు, వెనక్కి తిరిగి ఇంకొకరికి బిల్లు రాస్తూ.

తరగతిలో నలభై మందిని కూర్చోబెట్టే నా గొంతు అక్కడ వణికింది. చెప్పాలనుకున్నది ఒక్క ముక్క సరిగ్గా రాలేదు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, బిల్లు అడుగున సన్నటి అక్షరాలు చూపించాడు. నోరులేని జీవాల్ని అమ్మేవాడికి వాటి గురించి ఒక పరీక్ష పెట్టాలి. బండి నడపడానికే పెడుతున్నారు కదా.

చివరికి డాక్టరుగారు చెప్పిన టీ5 అనే సన్నటి ట్యూబులైటు, 12 శాతం యూవీబీది, రిఫ్లెక్టర్‌తో సహా వేరేచోట తెప్పించాను. ఇక్కడ నా గొప్ప కొంచెం చెప్పుకుంటాను. మీటరు పెట్టి, తాబేలు వీపు ఎక్కడికి వస్తుందో అంత ఎత్తులో కొలిచి, గొలుసు ఒక్కో కొక్కెం మారుస్తూ 3.4 దగ్గర ఆపాను. 3, 4 మధ్య ఉంటే చాలని డాక్టరుగారు అన్నారు. పిల్లి దూకకుండా అడ్డంగా జాలీ పెడితే 2 కి పడిపోయింది, అందుకని జాలీ తీసేసి పిల్లికే గది తలుపు మూశాం. నీడ కోసం ఒక మూల పెంకు బోర్లించాను. మీటరు లేనివాళ్లు కంపెనీ రాసిన దూరం పాటించండి, ట్యూబుకి పక్కగా తేదీ రాసుకోండి. వెలుతురు బాగానే ఉన్నా లోపల యూవీబీ ముందే తగ్గిపోతుంది, ఏడాదికోసారి మార్చాల్సిందే. ఆ మెలికల బల్బు ఇప్పుడు మా ఆయన పేపరు చదువుకునే చోట ఉంది. అందుకు బాగానే పనికొస్తోంది.

తిండి సంగతి సులువే. మందు కొట్టని కలుపు మొక్కలు, డాండెలైన్, మందారం ఆకులూ పువ్వులూ, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు. పాలకూర కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి రోజూ వద్దు. పళ్లు ఈ జాతికి పడవు. పిల్లను గడ్డం దాకా వచ్చే గోరువెచ్చని నీళ్లలో పావుగంట కూర్చోబెట్టాలి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. ఇది మా అమ్మాయికి రాసి పెట్టె మీద అంటించాను, ముద్దులు పెట్టే రకం.

తాబేలు శనివారం వస్తోంది. వచ్చిన వారంలోనే నులిపురుగుల కోసం మల పరీక్ష చేయించమన్నారు డాక్టరుగారు. చిన్న డబ్బా కూడా ఇచ్చారు, ఫ్రిజ్ పక్కన పెట్టాను. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తుందేమోనని మా ఆయన ఇప్పట్నుంచే గొడవ.