నదికి అటు ఇల్లు, ఇటు తోట

అక్టోబరు, శనివారం రాత్రి. కూస్, జర్మనీ.

ఇవాళ్టి నడక మొత్తం పదకొండు కిలోమీటర్లకు అటూ ఇటూ. మోజెల్ నది ఎడమ గట్టున కూస్ నుంచి వేలెన్ ఊరి దాకా, అక్కడ తీగల వంతెన దాటి కుడి గట్టుకు, ద్రాక్షతోటల మధ్య దారిలో గ్రాఖ్ మీదుగా బెర్న్‌కాస్టెల్‌కు, మళ్లీ ఇంకో వంతెన దాటితే కూస్. మామూలుగా మూడు గంటలు చాలు. బాపు, అంటే మా నాన్న, వెంట ఉన్నాడు కాబట్టి రోజంతా పట్టింది. ప్రతి తీగ దగ్గరా ఆగాడు, వేలితో బెరడు గీకి చూశాడు, ఆకు తిప్పి వెనక బూజు ఉందేమో చూశాడు.

శామీర్‌పేట దగ్గర మాకు అనాబ్ షాహీ రకం ద్రాక్షతోట ఉండేది. నా చిన్నప్పుడు మేడ్చల్ వైపు ఎటు చూసినా రాతి కడీలు, వాటి మీద తీగల పందిళ్లు, కింద చల్లటి నీడ. బోర్లు ఎండుతూ వచ్చాయి, భూమి రేటు పెరుగుతూ వచ్చింది, తోటలు ఒక్కొక్కటే వెంచర్లయ్యాయి. మాదీ పోయింది. మూడు నెలల వీసా మీద ఫ్రాంక్‌ఫర్ట్‌కు నా దగ్గరికి వచ్చిన ఆయనకు ఏం చూపించాలా అని ఆలోచిస్తే ముందుగా ఈ లోయే గుర్తొచ్చింది. ఇక్కడికి రైలు రాదు. పాత రైలు కట్టను సైకిల్ దారిగా మార్చేశారు. నిన్న సాయంత్రం విట్‌లిష్‌లో రైలు దిగి బస్సులో వచ్చాం.

పొద్దున తొమ్మిదిన్నరకు కూడా పొగమంచు విడలేదు. అవతలి గట్టు కనబడటం లేదు. మంచు తగ్గే దాకా వంతెన పక్కనున్న సెయింట్ నికొలావుస్ హాస్పిటల్‌కు వెళ్లాం. పేరుకు హాస్పిటల్, నిజానికి వృద్ధాశ్రమం. ఇదే ఊళ్లో 1401లో పుట్టి, చదువుకుని, కార్డినల్ దాకా ఎదిగిన నికొలావుస్ కుసానుస్ 1458లో తన ఆస్తితో దీన్ని పెట్టాడు. క్రీస్తు బతికిన ఏళ్లకు గుర్తుగా ముప్పై ముగ్గురు ముసలివాళ్లకు చోటు. ఆయన 1464లో ఇటలీలో చనిపోయాడు. శరీరం రోమ్‌లో ఉంది, గుండెను మాత్రం తెచ్చి ఇక్కడి ప్రార్థనా మందిరంలో పూడ్చారు. ఆయన పోగుచేసిన రాతప్రతుల లైబ్రరీ కూడా ఇక్కడే ఉంది. ఇవన్నీ నేను చెబుతుంటే బాపు విని, ఒకటే అడిగాడు.

"ఇన్నేండ్లు వీళ్లకు తిండి ఎవరు పెడుతున్రు బిడ్డా?"

ద్రాక్షతోటలు. ఆశ్రమానికి సొంత తోటలున్నాయి, ముఖ్యంగా వాటి రాబడితో ఇది నిలబడింది. ఇవాళ్టికీ పెద్దవాళ్లు ఉంటున్నారు, ఇవాళ్టికీ ఆశ్రమం పేరుతో వైన్ అమ్ముతారు. ఆయన కాసేపు ఆ రాతి వరండాలో నిలబడిపోయాడు. అయిదున్నర శతాబ్దాలు ఒక తోట ఆశ్రమాన్ని పోషించిందంటే, నమ్మడానికి ఆయనకు కొంచెం టైమ్ పట్టింది. నాకూ పట్టింది, మొదటిసారి చదివినప్పుడు.

పదిన్నరకు మంచు పైకి లేచింది. ఎడమ గట్టు వెంట దారి చదునుగా ఉంటుంది, నీళ్ల పక్కనే. నీళ్లు దాదాపు కదలనట్టుగా కనిపిస్తాయి. 1964లో ఈ నదిని పెద్ద పడవలకు వీలుగా ఆనకట్టలు, లాకులతో మెట్లు మెట్లుగా కట్టేశారు. అందుకే ఈ నిదానం. వర్షాకాలంలో పోచారం ఆనకట్ట పొంగు చూసినవాడు కదా, బాపు దీన్ని చెరువు అన్నాడు. కానీ ఊరి గోడల మీద వరద గుర్తులు చూపించాక ఊరుకున్నాడు. 1993 డిసెంబరు వరద గీత ఆయన తలకన్నా పైన ఉంది.

ఈ గట్టున నడిచినంతసేపూ అసలు చూడాల్సింది అవతలి గట్టు. నీళ్ల అంచు నుంచి గుట్ట కొస దాకా ద్రాక్షే. పసుపు పచ్చగా మారుతున్న వరసలు, మధ్యమధ్యలో రాతి గోడలు, బూడిద రంగు రాయి. ఆ గుట్ట నైరుతి ముఖంగా ఉంది. ఇంత ఉత్తరాన, యాభయ్యో అక్షాంశం దగ్గర ద్రాక్ష పండాలంటే ఎండను ఏరుకోవాలి. ఏటవాలుగా ఉంటే ఎండ సూటిగా తగులుతుంది, నది వెలుతురును తిప్పి కొడుతుంది, పలకరాయి పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి వదులుతుంది. చదునైన ఈ గట్టు ఊళ్లకు, ఆ నిటారు గుట్ట తోటలకు. వేలెన్ ఊరు ఎడమ గట్టున ఉంటే, ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిపిన తోట మాత్రం కుడి గట్టున ఉంది. వంతెన లేని రోజుల్లో పడవల మీద వెళ్లి పని చేసుకుని వచ్చేవాళ్లు.

"పొద్దుగూకులు ఇంటికాడికెళ్లి తోట కనబడుతనే ఉంటది. మంచిగున్నది," అన్నాడు బాపు. "దొంగలు పడ్డా కనబడతది."

వేలెన్‌లో ఒక రైతు ఇంటి పెరట్లో భోజనం. సొంత వైన్ పండించేవాళ్లు ఏడాదికి నాలుగు నెలలకు మించకుండా, నలభై కుర్చీలకు మించకుండా, లైసెన్సు లేకుండా ఇంట్లోనే అమ్ముకోవచ్చని ఇక్కడ చట్టం. ఉల్లిపాయలతో చేసిన వేడి రొట్టె, దాంతో ఇంకా పులుస్తున్న కొత్త ద్రాక్షరసం. ఈ నెలల్లోనే దొరుకుతుంది. గ్యాస్ పోవాలని సీసా మూత బిగించరు. బాపు ఒక గుక్క తాగి "గిది పొద్దటి కల్లు లెక్కనే ఉన్నది" అని ఇంకో గ్లాసు అడిగాడు.

ఆ ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. మా నాన్నగారు ద్రాక్ష రైతు అని చెప్పగానే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత గంటసేపు నా పని తర్జుమా చేయడమే. ఎన్ని ఎకరాలు అని ఈయన, ఎన్ని కాపులు అని ఆవిడ. మన దగ్గర ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక కాపు. వేసవిలో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. ఈ సరికి మా తోటలో కత్తెరలు ఆడుతూ ఉండేవి. ఇక్కడ అక్టోబరులో కోత, ఆకు రాలాక చలికాలమంతా మొక్క నిద్ర, ఆ నిద్రలోనే ఒక్కసారి కత్తిరింపు. మన దగ్గర మొక్క నిద్రపోదు అన్న సంగతి విని ఆవిడ ఎంత ఆశ్చర్యపోయిందో! "మరి దానికి విశ్రాంతి ఎప్పుడు?" అని అడిగింది. "మేమే కత్తెర పెట్టి ఇయ్యాలె" అన్నాడు బాపు.

కోతకు మనుషులు ఎక్కడి నుంచి వస్తారంటే పోలండ్, రుమేనియాల నుంచి అంది. "మాకు పాలమూరు నుంచి వచ్చేటోళ్లు" అన్నాడు. పాలమూరు ఎక్కడో ఆవిడకు తెలియదు. కానీ ఏటా అదే ముఠా రావడం, వాళ్లకు బస చూడటం, ఒక ఏడాది వాళ్లు రాకపోతే ఎంత టెన్షనో, అవన్నీ ఇద్దరికీ తెలుసు.

ఆవిడ కొడుకు లక్సెంబర్గ్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాడట. చదును ముక్కలు కౌలుకిచ్చి, నిటారు ముక్కలు రెండు తనే ఉంచుకుంది. మిగతావి ఎవరూ తీసుకోలేదట. ఎందుకు తీసుకోలేదో అవతలి గట్టుకు వెళ్లాక కళ్లారా చూశాం.

వంతెన దాటి గుట్ట ఎక్కడం మొదలుపెట్టగానే కాళ్ల కింద పలకరాయి ముక్కలు గలగలా జారాయి. బాపు వంగి చూసి "మట్టి ఏది?" అన్నాడు. మట్టి ఉంది, చాలా తక్కువ. రాళ్ల సందుల్లోంచి వేళ్లు లోతుకు దిగి నీళ్లు వెతుక్కుంటాయి. ఈ పాత తోటల్లో పందిరి ఉండదు, తీగ వరస ఉండదు. మొక్కకొక కర్ర. రెండు కొమ్మలను చెరోవైపు వంచి కిందికి తెచ్చి కడతారు, గుండె బొమ్మలాగా. అడ్డంగా తీగలు లేవు కాబట్టి మనిషి ఎటైనా మళ్లొచ్చు, జారితే కర్ర పట్టుకోవచ్చు. ట్రాక్టర్ ఎక్కదు. కొన్ని చోట్ల ఒంటి పట్టా మీద పాకే చిన్న బండి ఉంది, అందులో గుత్తుల డబ్బాలు కిందికి దింపుతున్నారు. మిగతాచోట్ల వీపు మీద మోయడమే. చదును నేల తోటకు పట్టే పనికి ఇక్కడ కొన్ని రెట్లు పడుతుంది, కాపు మాత్రం తక్కువ. రీస్లింగ్ రకం ఆలస్యంగా పండుతుంది, పులుపు నిలుపుకుంటుంది, ఆ రుచి కోసమే ఈ శ్రమ.

ఒక పాత మొదలు దగ్గర బాపు చాలాసేపు కూర్చున్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు యూరప్ తోటలను తుడిచిపెట్టేసింది. అప్పటి నుంచి అమెరికా జాతి వేరు మీద అంటుకట్టి పెంచుతున్నారు. ఈ పలకరాయి గుట్టల్లో మాత్రం పురుగు సరిగా బతకలేదు, అందుకని సొంత వేళ్ల మీదే నిలబడ్డ ముసలి మొక్కలు ఇంకా కొన్ని మిగిలాయి. అంటు మచ్చ కోసం వేలితో తడిమి చూశాడు. మా తోటలో చివరి రోజుల్లో నీళ్లు ఉప్పెక్కితే డాగ్‌రిడ్జ్ అనే రకం వేరు మీద అంట్లు పెట్టి ఎంత తంటాలు పడ్డాడో నాకు గుర్తే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

గుత్తులు కోస్తున్న ఒక అబ్బాయి దగ్గర రెండు బకెట్లున్నాయి. ఒకదాంట్లో మంచి పండు, రెండోదాంట్లో ముడుచుకుపోయి బూజు పట్టినవి. పారేయడానికేమో అనుకున్నాడు బాపు. అవే ఎక్కువ ధర పలుకుతాయని చెబితే నమ్మలేదు. పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ కుదిరితే ఒక రకం బూజు పండులోని నీళ్లు లాగేసి తీపిని చిక్కబరుస్తుంది. ఆ పండ్లను ఒక్కొక్కటిగా ఏరి తియ్యటి వైన్ చేస్తారు. "బూజు పోవాలని బోర్డో మిశ్రమం కొట్టి కొట్టి మా చేతులు నీలమైనయి, వీళ్లు బూజును ఏరుకుంటున్రు," అని బాపు ఆ అబ్బాయి భుజం తట్టాడు.

పైన బండ మీద తెల్లగా గీసిన గడియారం ఉంది. యోడోకుస్ ప్రూమ్ అనే ఆయన 1842లో కట్టించిన నీడ గడియారం ఇది. తోటలో పని చేసేవాళ్లకు టైమ్ తెలియాలని. నా ఫోన్‌లో రెండున్నర, బండ మీద నీడ ఒంటిగంట దాటి కొద్దిగా. వేసవి టైమ్ గంట ముందుకు జరిపింది, పైగా ఈ లోయ దేశపు టైమ్ రేఖకు పడమట ఉంది. సూర్యుడి లెక్కలో బండే కరెక్ట్.

ఆ ఎత్తు నుంచి చూస్తే వేలెన్ ఊరు కింద పరుచుకుని కనిపిస్తుంది. మేము భోంచేసిన పెరడు కూడా. పొద్దున గుట్టను చూసినప్పుడు అందంగా ఉందనుకున్నాను. ఈ పక్క నిలబడి, తొడలు వణుకుతుంటే, ఆ రాతి గోడ ఒక్కొక్కటీ ఎవరో మోసుకొచ్చిన రాళ్లే కదా అనిపించింది. ఒకే రోజు రెండు గట్లూ నడవకపోతే ఇది నాకు తట్టేది కాదు.

గ్రాఖ్ దారిలో తోటల పేర్లన్నీ చర్చి పేర్లే: డోంప్రోబ్స్ట్ అంటే పెద్ద చర్చి అధికారి, హిమ్మెల్‌రైఖ్ అంటే స్వర్గరాజ్యం. ఫ్రెంచి పాలనలో, నెపోలియన్ రోజుల్లో, మఠాల తోటలను వేలం వేశారు. రైతు కుటుంబాలు కొనుక్కున్నాయి. తర్వాత పిల్లలందరికీ సమానంగా పంచుతూ పంచుతూ ముక్కలు చిన్నవైపోయాయి. ఒకే కుటుంబానికి గుట్టకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. అన్నదమ్ముల వాటాల గురించి బాపుకు నేను వివరించాల్సిన పని పడలేదు.

మధ్యలో ఒక ముక్క వదిలేసి ఉంది. కర్రలు పక్కకు ఒరిగి, ముళ్లపొదలు ఎక్కి, గోడ ఒకచోట కూలి రాళ్లు దారిలోకి జారాయి. అటూ ఇటూ శుభ్రంగా ఉన్న వరసల మధ్య అది చూడటం నాకు చాలా బాధనిపించింది. ఎవరినీ తప్పుపట్టలేను. లక్సెంబర్గ్ జీతం ఒకవైపు, ఈ గుట్ట ఒకవైపు. కానీ గోడ ఒకసారి పోతే మళ్లీ కట్టేవాళ్లు రారు, వానకు ఆ కాస్త మట్టీ జారిపోతుంది. వెంచరూ కాలేదు, తోటగానూ మిగల్లేదు. దిగువన ట్సెల్టింగెన్ అవతల 2019లో తెరిచిన కొత్త వంతెన కనిపిస్తోంది, దాదాపు 160 మీటర్ల ఎత్తున, లోయకు అడ్డంగా. ఇక్కడి రైతులు ఎన్నో ఏళ్లు వద్దని పోరాడారు, గుట్టకు పైనుంచి దిగే నీళ్ల దారి దెబ్బతింటుందని. వంతెన వచ్చింది. లారీలు పైనే వెళ్లిపోతున్నాయి.

బెర్న్‌కాస్టెల్‌లో ఎక్కువసేపు లేము. 1608 నాటి టౌన్‌హాల్, చెక్కల ఇళ్లు, జనం, ఐస్‌క్రీమ్. అందరూ వచ్చేది దీనికోసమే, బాగానే ఉంది, మా ఒళ్లు అప్పటికే అలిసిపోయింది.

రాత్రి భోజనమయ్యాక బాపు కాగితం మీద ఆ గుండె బొమ్మ కట్టు గీసి, పురికొస ఎక్కడ ముడి వేస్తారో తేల్చుకోలేక రెండుసార్లు కొట్టేశాడు. కొమ్మలు వంచేది మార్చి ప్రాంతంలో, ముసురు పట్టిన రోజు చూసి. గాలి తడిగా ఉంటే కొమ్మ విరగదట. వేలెన్ ఇంటావిడ ఆ రోజులకు రమ్మంది. ఆయన వీసా డిసెంబరుతో అయిపోతుంది. నేనే వెళ్లి ఆవిడ పక్కన నిలబడి వీడియో కాల్ చేస్తానన్నాను. ముడి దగ్గర కెమెరా కదలకుండా పట్టుకోవాలని ఇప్పటికే చెప్పాడు.